ఇంకా ఎన్నాళ్ళీ చదువు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణం కాగానే, మెట్రిక్యులేషనుతో ఆగిపోయిన రైల్వే గుమాస్తా లేచి పరిశోధన విద్యను గురించి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చును. మేము పండితులము కాము. మా యింట ఆ విద్య సాగుతున్నది గనుక, తెలియక మేము చేసిన తప్పు ఒకటి మీతో చెప్పుకొనడానికి నిలబడినాము.

మా చెల్లెలు ఎమ్మెస్సీ ముగించి, భువనేశ్వరంలో మాలిక్యులర్ మెడిసిన్‌లో పిహెచ్.డి.కి చేరి ఇది ఐదవ సంవత్సరం. దానిని తెలుగులో అణువైద్యం అనగానే మన ఖుర్దారోడ్డు కాలనీలో ఒక పెద్దాయన, "బాంబుల చదువు ఆడపిల్లకెందుకయ్యా?" అన్నారు. ఆ అణువు వేరు, ఈ అణువు వేరు. రోగం ఏ అవయవానికి వచ్చినదని చూచి ఆగక, శరీరంలోని ఏ పదార్థపు నిర్మాణంలో ఏ లోపం వల్ల వచ్చినదో వెతికే శాస్త్రమిది.

ఒక్క ఉదాహరణ చెప్పుతాము. ఒడిషా పశ్చిమ జిల్లాలలోను, ఆంధ్ర మన్యంలోను సికిల్ సెల్ వ్యాధి కలదు. గుండ్రంగా ఉండవలసిన ఎర్రకణాలు కొడవలివలె వంగి, సన్నని రక్తనాళాలలో చిక్కుకొని భరించరాని నొప్పులు తెస్తాయి. అమెరికాలో లైనస్ పౌలింగ్ గారి వద్ద హార్వే ఇటానో అనే యువ వైద్యుడు 1946లో పరిశోధన విద్యార్థిగా చేరినాడు. ఆ రోగుల హిమోగ్లోబిను విద్యుత్తు పెట్టినప్పుడు ఇతరుల హిమోగ్లోబినువలె కదలదని ఆయన ప్రయోగాలలో తేలినది. 1949లో ఆ ఫలితం అచ్చయినది. రోగమూలం ఒక అణువులోనే ఉండగలదని లోకానికి తెలిసినది అట్లు. 1957 నాటికి వెర్నన్ ఇంగ్రామ్ గారు ఆ లోపమేమిటో తేల్చినారు: 146 పూసల దండలో 6వ పూస ఒక్కటి మారినది! రోగి కణాలలో జన్యువును సవరించే చికిత్సకు బ్రిటను, అమెరికాలలో అనుమతి వచ్చినది మాత్రం 2023లో. మధ్యలో ఎందరు విద్యార్థుల యౌవనం గడిచినదో ఆలోచించండి.

మా చెల్లెలి పనీ ఈ వ్యాధి మీదనే. మూడవ ఏట, ఎనిమిది నెలలు సాకిన కణాలకు బూజు పట్టి శ్రమ అంతా పాడైనది. అదే దసరాకు శ్రీకాకుళం వైపునుండి ఒక సంబంధం వచ్చినది. "చదువు ఎప్పటికి పూర్తవుతుంది?" అని వారడిగితే "చెప్పలేను" అన్నది. సంబంధం తప్పిపోయినది. మేము కోపం పట్టలేక, "గూడ్సుబండికైనా ఒక వేళ ఉంటుంది గదా, నీ చదువుకు లేదా?" అన్నాము.

"అన్నయ్యా, నీ బండికి పట్టాలు ఎవరో ముందే వేసి పెట్టారు. మేము పట్టాలు వేసుకుంటూ పోవాలి" అన్నది.

మాకు జవాబు తోచలేదు. అయినా గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు తెచ్చి ముందు పెట్టినాము. మారుమాట లేక సంతకం చేసినది.

ఆ కాగితం జేబులో ఉండగా ఒక ఆదివారం ఆమెకు అన్నం క్యారియరు ఇవ్వడానికి ప్రయోగశాలకు వెళ్ళినాము. సెలవునాడు కూడా ఒక్కతే కూర్చుని కణాలకు ఆహారం మారుస్తున్నది. బూజు పట్టిన పనినే మొదటినుండి మళ్ళీ ఎత్తుకొన్నది. మన స్టేషనుకు సెలవు లేనట్లే ఆ కణాలకూ లేదు. మేము తిరుగుబండిలో వచ్చేశాము. ఆ దరఖాస్తు పోస్టులో పడలేదు. నేటికీ మా పెట్టెలోనే ఉన్నది.

ఈ చదువుకు ఇల్లు అమ్ముకోనవసరం లేదు. జె.ఆర్.ఎఫ్. పరీక్షలో నెగ్గినవారికి 2023 జనవరి రేట్ల ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు రూ. 37,000, పిమ్మట రూ. 42,000. 2022 నాటి యు.జి.సి. నిబంధనలలో గడువు కనీసం 3, గరిష్ఠం 6 సంవత్సరాలు. స్త్రీలకు మరి 2 ఏళ్ళ సడలింపు. చేరేముందే అడగవలసినవి రెండు: ఆ గురువు వద్ద మునుపటి విద్యార్థులు ఎన్నాళ్ళకు ముగించినారు? భత్యం ఎంతకాలం వస్తుంది?

మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. బోస్టను చేరినవారికి హార్వర్డు డాక్టరేటు వచ్చినది 1930లో. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారు మాట సాయం ఇవ్వడం, మామగారు సొమ్ము కూర్చడం వలననే ఆయన ఓడ ఎక్కగలిగినారు. పిమ్మట ఫోలిక్ ఆమ్లం, బోదకాలు జ్వరానికి మందు ఆయన ప్రయోగశాలనుండి వచ్చినవి. పొట్టకూటికి ఊరు విడిచిన మనకు అంత కలిమి లేదు. అయినా పరీక్షలకు పోయే పిల్లలకు రైలుఖర్చు, దూరపు ఊళ్ళలో మన తెలుగువారి యిండ్లలో నాలుగునాళ్ళ బస ఏర్పాటు చేయడం మన సంఘానికి అసాధ్యం కాదు.

మా చెల్లెలి చదువు ఇంకా ముగియలేదు. "ఇంకా ఎన్నాళ్ళు?" అనడం మాత్రం మేము మానినాము. "ఈ వారం పని ఎట్లున్నది?" అని అడుగుతాము. అప్పుడు ఆమె అన్నం తింటూ గంటసేపు చెప్పుతుంది. మాకు సగమే బోధపడుతుంది. అమ్మ మాత్రం అంతా తెలిసినట్లు తల ఊపుతుంది.

మీ యిండ్లలోనూ అట్లే అడుగుదురుగాక. సెలవు.