పాత కంప్యూటరులో అసలు భాగమేది, మారు భాగమేది?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీదనుండి ఏవేవో దిగుతుంటాయి. ఈ మధ్య కొన్ని ఇళ్ళలో దిగుతున్నవి 1980ల నాటి హోం కంప్యూటర్లు. సింక్లెయిర్ కంపెనీవారి స్పెక్ట్రమ్ 1982లో ఇంగ్లండులో వెలువడినది. తరువాత డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వారు లైసెన్సు పొంది దానిని మన దేశంలోను అమ్మినారు. ఇప్పుడు వీటిని వెదకి కొనేవారున్నారు. 'అంతా ఒరిజినలే' అన్న ఒక్క మాటకు ధర పెరుగుతుంది. ఆ మాట నిజమో కాదో ఎట్లా తెలుసుకోవడం? అదే మా మనవి.

మేము రైల్వే గుమాస్తాలము. చిప్పులు చేసే విద్య మాకు రాదు. కాని గూడ్సు వ్యాగను ప్రక్కన అది ఎప్పుడు తయారైనదో, ఏ వర్కుషాపులో ఎప్పుడు మరమ్మతైనదో రంగుతో వ్రాసి ఉండడం రోజూ చూస్తాము. చిప్పు వీపుమీద కూడా అటువంటి వ్రాతే ఉంటుంది. నాలుగంకెలలో మొదటి రెండు సంవత్సరము, తక్కిన రెండు వారము. 8324 అంటే 1983లో 24వ వారమన్నమాట. చిప్పులన్నీ 1983 నాటివై, ఒక్కటి మాత్రం 8911 అని పలికితే, అది తరువాత వచ్చిన చుట్టమే. కొద్ది నెలల తేడాను పట్టించుకోనక్కరలేదు. ఫ్యాక్టరీ స్టోరులో సరుకు నిలువ ఉండడం సహజమే కదా!

అయితే ప్రతి నాలుగంకెలూ తేదీ కాదు. జెడ్ 8400 అన్నది జిలాగ్ కంపెనీవారి ప్రాసెసరు రకము. దానిని 1984 అని చదివేవారున్నారు. సున్నా సున్నా వారము ఏ పంచాంగంలోనైనా ఉన్నదా?

ఇక జ్ఞాపకశక్తి చిప్పుల సంగతి బహు విచిత్రమైనది. 48 కె స్పెక్ట్రమ్‌లో పై 32 కె కోసం 64 కిలోబిట్ల చిప్పులు పెట్టినారు. అయితే అవి పరీక్షలో సగం తప్పినవి! మంచి సగమును మాత్రమే వాడుకొనేటట్లు ఏర్పాటుచేసి, చౌకగా కొన్నారు. ఏ సగము మంచిదో బోర్డు మీద ఒక తీగ ముక్కతో నిర్ణయించినారు. వాటి మీద 4532 అనో 3732 అనో ఉంటుంది. ఆ స్థానంలో నిండుగా మంచిదైన 4164 కనబడితే, చాలవరకు అది తరువాతి మరమ్మతే. అసలుది సగం చెడ్డది, మారుది పూర్తిగా మంచిది. సామెతలకు అందని వ్యవహారము!

మరొక చిక్కు. కొన్ని తొలి బోర్డులలో ఒక చిన్న చిప్పు తలక్రిందులుగా, కాళ్ళు పైకి పెట్టుకొని ఉంటుంది. చూడగానే ఎవరో చేతకాని మెకానిక్కు పని అనుకుంటాము. కాదు, డిజైనులో దొర్లిన లోపమును సవరించడానికి ఫ్యాక్టరీలోనే అతికించినది. దానిని 'చచ్చిన బొద్దింక' అని పిలుస్తారు. శుభ్రం చేస్తున్నామని దానిని ఊడబెరికితే యంత్రం మూగబోతుంది.

బోర్డును తిరగవేసి కూడా చూడాలి. యంత్రంతో వేసిన టంకము ఒకే తీరుగా ఉంటుంది. చేతితో మరల అతికినచోట ముద్దగా, ప్రక్కన గోధుమరంగు జిగురుతో కనబడుతుంది. పాత అక్షరాలు అరగదీసి కొత్తవి అచ్చువేసిన దొంగ చిప్పులు కూడా బజారులో ఉన్నవి. కమొడోర్ 64లో ధ్వని పుట్టించే 6581కు గిరాకీ హెచ్చు గనుక దానిలో ఈ మోసము కూడా హెచ్చే.

మారు భాగము ఉన్నంతమాత్రాన పరువు పోదని మా అభిప్రాయము. ఎండి విరిగిన కీబోర్డు పొరను, కారిన కెపాసిటరును మార్చక ఏమి చేస్తారు? మార్చి, దాచి, ఒరిజినల్ ధర గుంజడమే తప్పు. అమ్మేవారు బోర్డు రెండు వైపులా ఫోటోలు చూపడానికి వెనుకాడితే బేరం అక్కడితో ఆపండి. మీ ఇంట యంత్రాన్ని బాగుచేయిస్తే, తీసిన భాగాన్ని పొట్లం కట్టి, తేదీ వేసి, పెట్టెతోనే ఉంచండి.

మూత విప్పిన స్పెక్ట్రమ్ ఒకటి ఆ మూల బల్లమీద పెట్టినాము. కరెంటు తగిలించలేదు. ప్రక్కన భూతద్దమున్నది, పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి చూడవచ్చును.