బడికి రాని పిల్లల కోసం



ప్రత్యేక విద్యలో పట్టాలు అందుకుంటున్న మీరు ఎంచుకున్న వృత్తికి మన దేశంలో దారి వేసినవాళ్లలో ఒకరు మిథూ అలూర్. ఆమె కూతురు మాలిని 1966లో సెరిబ్రల్ పాల్సీతో పుట్టింది. చేయగలిగింది ఏమీ లేదన్నారు ఇక్కడి డాక్టర్లు. ఇంగ్లండ్‌లో ఆ పాపకు చికిత్సా దొరికింది, చదువూ దొరికింది. తిరిగొస్తే బొంబాయిలో అలాంటి బడి లేదు. 1972లో ముగ్గురు పిల్లలతో మిథూ గారే బడి తెరిచారు. పాఠాలూ థెరపీలూ ఒక్కచోటే. ఆ పద్ధతి కలకత్తా, ఢిల్లీ, బెంగళూరు, మద్రాసులకు విస్తరించింది. మాలిని లండన్‌లో రెండు మాస్టర్స్ డిగ్రీలు చేసింది, ఒక్క వేలితో టైపు చేస్తూ ఆత్మకథ రాసింది.

అంతటితో ఆగినా మిథూ గారి పేరు నిలిచేది. కానీ తన బడి దాకా రాలేని పిల్లల మాటేమిటన్న ప్రశ్న ఆమెను వదల్లేదు. 1975లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకంలో వికలాంగ పిల్లలు ఎక్కడున్నారో పీహెచ్‌డీ పరిశోధనలో వెతికారు. పేరుకు అందరిదైన ఆ పథకంలో వాళ్లకు చోటు దక్కడం లేదని తేల్చారు. ప్రత్యేక పాఠశాలకు పేరుపడ్డ మనిషి, ఆ పాఠశాల ఒక్కటే చాలదని ఒప్పుకుని, ధారావి లాంటి బస్తీల్లో ఈ పిల్లలను మిగతా పిల్లల పక్కనే కూర్చోబెట్టి చదివించే పని చేపట్టారు. నేను ఆమెకు చేతులెత్తి మొక్కేది ఇందుకే.

ఈరోజు మీ వెనక 2009 విద్యాహక్కు చట్టం ఉంది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. మండలంలో ఈ పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది. అయినా నడవలేని ఎనిమిదేళ్ల బిడ్డను చంకనేసుకుని అక్కడికి రావాలంటే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వస్తే పింఛను వస్తుంది. కానీ చదువు రావాలంటే, పలకా బలపం పట్టించే మనిషి ఇంటికి రావాలి. ఆ మనిషి మీరే.

బిడ్డను ఎలా కూర్చోబెట్టాలో, పొలమారకుండా అన్నం ఎలా తినిపించాలో, మాటలు రాని పిల్ల చూపుతో చెప్పేది ఎలా గ్రహించాలో మీరు నేర్చుకున్నారు. ఆ విద్య తల్లికి, అంగన్‌వాడీ టీచరుకు నేర్పండి. మీరు వెళ్లిపోయాక కూడా ఆ ఇంట్లో అది సాగాలి.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, ఆ ఊళ్లో బడికి రాని పిల్లలెవరో అడగండి. ఆ ఇళ్లకు వెళ్లండి.