మిద్దె మీద మూడు రుచులు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఒకప్పుడు నా బెంచీ మిత్రుడు. ఫోన్ చేసి, "రిటైరయ్యాక ఏం చేస్తున్నావో పది నిమిషాలు చెప్పరా" అన్నాడు. బ్యాంకు ఉద్యోగం వదిలి తొమ్మిదేళ్లయింది. అప్పటి నుంచి హైదరాబాదులో మా ఇంటి మిద్దె మీద మిరప, టమాటా, పుచ్చ పండిస్తున్నాను. ఒక్కోదాంట్లో రెండు మూడు రకాలు పక్కపక్కన పెంచి, రుచి చూసి, నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. మీకు చెప్పదగ్గది నా దగ్గర అదొక్కటే ఉంది.

మన సైన్సు మాస్టారు ఉమ్మెత్త పువ్వును నిలువునా కోసి భాగాలు చూపించేవారు, గుర్తుందా? టమాటా, మిరప, వంకాయ అన్నీ ఆ ఉమ్మెత్త కుటుంబమే. టమాటా, మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. పోర్చుగీసువాళ్లు మిరపను తెచ్చేదాకా మన వంటింట్లో కారం అంటే మిరియమే. పుచ్చకాయది దోస, గుమ్మడి కుటుంబం, పుట్టిల్లు ఆఫ్రికా. మనవి అనుకునే ఈ మూడూ దూరం నుంచి వచ్చి మన మట్టికి అలవాటు పడ్డవే.

ముందు మిరప సంగతి. గుంటూరు సన్నం, కర్ణాటక బ్యాడిగి, వరంగల్ చపాటా, ఈ మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. మూడూ మా మిద్దె మీద కాశాయి. సన్నం కారానికి పెట్టింది పేరు. బ్యాడిగి ముడతలు పడి, ఎక్కువ రంగు, తక్కువ కారం ఇస్తుంది. చపాటా పొట్టిగా, లావుగా, టమాటాలా ఎర్రగా ఉంటుంది. దాన్ని టమాటా మిర్చి అనడం అందుకే. నేను ఆవకాయకు సన్నం, చపాటా కారాలు సగం సగం కలుపుతాను. రంగుకు రంగు, ఘాటుకు ఘాటు. కారమంతా గింజలో ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. ఈనె తీసేస్తే సన్నం కూడా చాలావరకు మెత్తబడుతుంది. నోరు మండితే నీళ్లతో లాభం లేదు, పెరుగు తినాలి. మిరప రుచి చూసే రోజు మా ఇంట్లో ముందు పెరుగన్నం కలిపి పెట్టుకుంటాం.

ఇక టమాటా. ఢిల్లీ పరిశోధన సంస్థవారి పూసా రూబీ, తమిళనాడు పెరియకుళం వారి పీకేఎం-1, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్కా రక్షక్ వేశాను. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడతను తట్టుకోవడంలో అర్కా రక్షక్‌ది పైచేయి. కాయ గట్టిది, నిలవుంటుంది. పళ్లేలకు అంకెలు వేసి, రకం పేరు చెప్పకుండా ఇంటిల్లిపాదికీ, పక్కింటివాళ్లకూ ముక్కలు పెట్టాను. పచ్చిగా తిన్నప్పుడు ఎక్కువ మార్కులు చిన్న చెర్రీ టమాటాకు వచ్చాయి. అదే పప్పులో వేస్తే చివరికి పోయింది. పప్పుకూ చారుకూ పులుపున్న పూసా రూబీయే గెలిచింది. మంచి టమాటా ఏదని అడిగితే, దేనికి అని తిరిగి అడగాలన్నమాట. ఇంకో మాట, టమాటాను ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లదనానికి దాని వాసన చచ్చిపోతుంది. ఎండలు ముదిరితే పూత రాలుతుంది కాబట్టి వర్షాకాలంలో నారు పోసి చలికాలమంతా కోసుకోవడం మేలు.

పుచ్చకాయ మిద్దె మీద ఎలా అని నవ్వేవాళ్లున్నారు. షుగర్ బేబీ చిన్న కాయ, ముదురాకుపచ్చ తొక్క. అర్కా మాణిక్ చారల కాయ. జనవరిలో పెద్ద సంచుల్లో విత్తనం వేసి, తీగను పందిరికి ఎక్కించి, కాయలకు పాత చీర గుడ్డతో ఉయ్యాల కడతాను. ఆడ పువ్వు కింద చిట్టి కాయ ఉంటుంది, మగ పువ్వుకు ఉండదు. పైఅంతస్తులకు తేనెటీగలు సరిగా రావు. అందుకే పొద్దున్నే మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు తాకిస్తాను, తేదీ రాసిన చీటీ కడతాను. అక్కడి నుంచి నెల, నలభై రోజులకు కాయ పక్వానికొస్తుంది. కాడ దగ్గరి నులితీగ ఎండాలి, తడితే బొద్దుగా మోగాలి. తెంపాక పుచ్చకాయ మరి తీపెక్కదు. అందుకే ఈ ఓపిక. మా కాయలు రెండు కిలోలు దాటవు గాని, నడిమి ముక్క తింటే బజారు కాయ గుర్తుకు రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా దగ్గర నాలుగో రకం టమాటా ఒకటుంది. దానికి పేరు లేదు. చిన్నది, చారలు తేలి ఉంటుంది, పళ్లు పులిసేంత పులుపు. మా అమ్మ ఊళ్లో పెరట్లో పెంచి, ఎండబెట్టి పచ్చడి పెట్టేది. అమ్మ పోయి పదకొండేళ్లయింది. ఊళ్లో ఇప్పుడు ఆ రకం ఎవరి పెరట్లోనూ లేదు, వాకబు చేశాను. హైబ్రిడ్ కాయ గింజ వేస్తే మళ్లీ అదే కాయ రాదు. ఇది నాటు రకం, ఏటా అదే వస్తుంది. అయితే టమాటా విత్తనం మామూలుగా నాలుగైదేళ్లు, మిరప విత్తనం రెండు మూడేళ్లు మొలకెత్తుతాయి. సీసాలో దాచినంత మాత్రాన విత్తనం బతకదు. ఎవరో ఒకరు వేస్తూ ఉండాలి. వచ్చే సంక్రాంతికి మేము అబ్బాయి దగ్గరికి, అపార్టుమెంటులోకి మారుతున్నాం. అక్కడ మిద్దె మాది కాదు.

అందుకే ఈ రోజు నలభై పొట్లాలు తెచ్చాను. పెంచడం కష్టం కాదు. ఎండ తగిలే బాల్కనీ, ఒక పెద్ద కుండీ చాలు. బాగా పండిన కాయ గుజ్జును రెండు రోజులు పులియబెట్టి, కడిగి, పళ్లెంలో నీడకు ఆరబెడితే విత్తనం సిద్ధం. కాగితం మీద ఆరబెట్టకండి, అంటుకుపోతుంది. మన బడి వెనక బోరు పక్కన ఖాళీ జాగా ఉంది. హెడ్మాస్టారు గారు దయచేసి అందులో నాలుగు సాళ్లు పిల్లలకు కేటాయిస్తే మొదటి నారు నేనే పోసి వెళతాను.

పొట్లాలు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉన్నాయి. తీసుకున్నవాళ్లు పక్కనున్న పుస్తకంలో పేరు, ఊరు రాయండి. వచ్చే ఏడు కలిసినప్పుడు ఒక పొట్లానికి రెండు పొట్లాలు తిరిగి తేవాలి. బ్యాంకులో పనిచేసినవాణ్ని, వడ్డీ అడగకుండా ఉండలేను.