నూరున్నిసా ఇనాయత్ ఖాన్: మెత్తని గొంతు, గట్టి గుండె



మన భోగాపురంలో 2023లో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది మొదలు పిల్లల నోట విమానాల మాటే. "మాస్టారూ, మనవాళ్లలో యుద్ధంలో ప్రాణమిచ్చిన విమాన దళం ఆఫీసరు ఎవరైనా ఉన్నారా?" అని ఒక అమ్మాయి అడిగింది. "ఉన్నారమ్మా, అదీ ఒక ఆడకూతురే" అన్నాము. ఆ కథే ఈవేళ మనవి చేస్తాము.

ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాకు చెందిన వీణా విద్వాంసులు, సూఫీ. టిప్పు సుల్తాన్ వంశానికి చెందిన వారు. మన హైదరాబాదులోనే సయ్యద్ అబూ హాషిం మదనీ గారి వద్ద శిష్యరికం చేశారు. ఆరవ నిజాం ఆయన పాట విని తాన్‌సేన్ అని బిరుదిచ్చారు. తల్లి అమెరికా దేశస్థురాలు. నూర్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టి, పారిస్ దగ్గర పెరిగింది. 1927లో తండ్రి పోయారు. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. తల్లి దుఃఖంతో మంచం పడితే తమ్ముళ్లనూ చెల్లెలినీ తనే చూసుకుంది. చదువు మాత్రం మానలేదు. సంగీతం, పిల్లల మనస్తత్వ శాస్త్రం నేర్చింది. 1939లో జాతక కథలను పిల్లల కోసం పుస్తకంగా తెచ్చింది.

1940లో జర్మన్లు ఫ్రాన్సును ఆక్రమించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. ఆ నవంబరులోనే ఆమె మహిళా సహాయక వైమానిక దళంలో చేరి వైర్‌లెస్ నేర్చింది. అదే యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. కాబట్టి ఇది ఎక్కడో పరాయి కథని అనుకోకండి.

తరువాత రహస్య విభాగం వారు ఆమెను ఎంచుకున్నారు. శిక్షణలో కొందరు పెద్దలు "మెతక మనిషి, ఈ పనికి తగదు" అన్న అభిప్రాయం రాశారు. అయినా 1943 జూన్ 16 రాత్రి చిన్న విమానంలో ఫ్రాన్సులో దిగింది. ఆక్రమిత ఫ్రాన్సుకు పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటరు ఆమే. కొద్ది రోజుల్లోనే తోటివారు వరసగా పట్టుబడ్డారు. వెనక్కి వచ్చేయమంటే రానంది. వైర్‌లెస్ పెట్టె చేతపట్టుకుని ఇల్లిల్లూ మారుతూ నాలుగు నెలలు వార్తలు పంపింది.

అక్టోబరులో ఎవరో పట్టించారు. ఒక పొరపాటూ ఉంది, దాచకూడదు. పంపిన సందేశాల నకళ్లు ఆమె దగ్గర దొరకగా, వాటితో శత్రువు లండనును మోసగించాడు. కానీ ఎంత ప్రశ్నించినా ఆమె నోరు విప్పలేదు. రెండుసార్లు పారిపోబోయి దొరికిపోయింది. ఇక పారిపోనని రాసివ్వమంటే ఇవ్వలేదు. సుమారు పది నెలలు సంకెళ్లతో ఒంటరి కొట్టులో ఉంచారు. 1944 సెప్టెంబరు 13న డకావు శిబిరంలో మరి ముగ్గురు స్త్రీలతో పాటు కాల్చి చంపారు. వయస్సు ముప్పై. 1949లో జార్జి క్రాస్ పతకం ప్రకటించారు.

మేము ఉపాధ్యాయులము. మేమూ ఎందరో పిల్లలను చూసి "మెతక, భయస్తురాలు" అని తేల్చేసిన వాళ్లమే. అలాంటి ఒక పిల్లను ఏడో తరగతితో మాన్పిస్తుంటే ఊరుకున్నాము కూడా. ఆ తప్పు ఈనాటికీ మమ్మల్ని బాధిస్తోంది. మెల్లగా మాట్లాడే పిల్ల గుండెలో ఎంత బలముందో మనకేం తెలుసు?

తల్లిదండ్రులారా, మాకు మీరు వేరే సన్మానం చేయనక్కర్లేదు. రేపు బడి తెరిచే రోజున మీ ఆడపిల్లను వెంటబెట్టుకు రండి. అదే చాలు. సెలవు.