పెరటి పాదు - పిల్లల పాఠము



మన దర్శి ప్రాంతపు పిల్లలకు పత్తిచేలు, మిరపచేలు పుట్టినది మొదలు పరిచయమే. అయినను అచట వారు నేర్చునది ఒక్కటే: పురుగు కనబడిన మందు కొట్టవలెను. పురుగులన్నియు పగవారే యను తలంపు పసితనముననే నాటుకొనుచున్నది. దీనిని పోగొట్టుటకు పెరటిలో నాలుగు పాదులు చాలును.

బిడ్డచేత ఒక గుమ్మడిపాదు పెట్టింపుడు. పూతకు వచ్చినపుడు, తెల్లవారుజామున విచ్చిన పూవులను చూపుడు. అడుగున చిన్న పిందె గలవి ఆడుపూవులు, తక్కినవి మగపూవులు. తేనెటీగ మగపూవు పుప్పొడిని ఆడుపూవునకు చేర్చిననే పిందె నిలుచును. లేనిచో పసుపుబారి రాలిపోవును. పూతవేళ మందు కొట్టినచో ఆ యీగయు చచ్చును. ఇది కన్నులార చూచిన బిడ్డ తేనెటీగపై చేయెత్తదు.

పక్కనే బెండగింజలు నాటింపుడు. వారము దినములలో మొలకెత్తును; నెలన్నర దాటగనే కాపు మొదలగును. ఆ పూవును పత్తిపూవు సరసన పెట్టి చూడుమనుడు: రెండును మందార కుటుంబమునకు చెందినవే. అటులే వంగయు టమాటాయు మిరపకు చుట్టములు. చేనిలోని చుట్టరికము బిడ్డకు పెరటిలోనే తెలియును.

1937లో వార్ధా విద్యాసభలో గాంధీమహాత్ముడు చేతిపని మూలముగా చదువు నేర్పవలెనని కోరినారు. 2019లో కేంద్రప్రభుత్వము బడులలో కూరతోటలకు మార్గదర్శకములు వెలువరించినది. అయినను నీరు పోయు చేయి ఊరివారిదే కావలెను.

కావున నా విన్నపము: ఈ రజతోత్సవము గుర్తుగా గ్రంథాలయపు ఆవరణలో పిల్లలకొక మడి కేటాయింపుడు. అందు పురుగుమందు వలదు. పుస్తకములతోపాటు విత్తనములను గూడ ఎరువుగా నిత్తము. కాయ కోసిన బిడ్డ మరుసటి యేడు గింజ తెచ్చి బదులు తీర్చుకొనును.