చెట్టు కోతకు ముందు శిక్షణ

ప్రకాశం జిల్లాలో పత్తి, మిరప చేలతో పాటు సుబాబుల్, జామాయిల్ తోటలూ ఉన్నాయి. ఆ కర్ర కాగితం మిల్లులకు వెళ్తుంది. గొడ్డలి చేసిన పనిని ఇప్పుడు మోటారు రంపం చేస్తోంది. వేగం పెరిగింది. ప్రమాదమూ పెరిగింది. అందుకే కూలీలకు శిక్షణ అవసరం.

మొదటి పాఠం ఒంటికి రక్షణ. తలకు హెల్మెట్, ముఖానికి జాలీ, చెవులకు మూతలు, కాళ్లకు గట్టి బూట్లు, రంపం కోతను ఆపే ప్యాంటు. లుంగీతో, చెప్పులతో రంపం పట్టకూడదు.

రెండో పాఠం రంపం. గొలుసు బిగువు, గొలుసు బ్రేకు రోజూ చూడాలి. గొలుసు సరిచేసేది ఇంజను ఆపాకే. బ్లేడు కొస పైభాగం కర్రకు తగిలితే రంపం ఒక్కసారిగా మనిషి మీదికి ఎగదన్నుతుంది. అందుకే రెండు చేతులతో గట్టిగా పట్టాలి. భుజం కంటే ఎత్తులో కోయకూడదు.

మూడో పాఠం చెట్టు. వాలు ఎటు? గాలి ఎటు? కరెంటు తీగలు ఎక్కడ? ముందే చూడాలి. వెనక్కి, పక్కగా తప్పుకునే దారి శుభ్రం చేసుకోవాలి. చెట్టు పడాల్సిన వైపు మొదట గాటు పెట్టాలి. తరువాత వెనక నుంచి, గాటు కంటే కాస్త పైన కోయాలి. రెండింటి మధ్య సన్నని కర్ర పట్టీ మిగల్చాలి. చెట్టును అనుకున్న వైపు పడేసేది ఆ పట్టీయే. దాన్ని పూర్తిగా కోస్తే చెట్టు ఎటైనా పడుతుంది. మిగతా కూలీలు రెండు చెట్ల పొడవు దూరంలో ఉండాలి.

గుర్తుంచుకోవాల్సినవి మూడు. ఒంటికి రక్షణ. రంపానికి రెండు చేతులు. తప్పుకోవడానికి దారి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా రంపం స్టార్ట్ చేయకూడదు.