అంకె జాతకం కాదు, హెచ్చరిక



2020లో కరోనా వచ్చింది. 2021 వేసవిలో మళ్లీ విరుచుకుపడింది. జబ్బు ఒకటే. కాని అందరినీ ఒకేలా పట్టలేదు. కొందరికి రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గిపోయింది. కొందరు వారం దాకా బాగానే తిరిగారు. ఆ తర్వాత ఆయాసం పట్టుకుంది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయినవారూ ఉన్నారు.

"వాళ్ల రాత అంతే" అన్నారు జనం. రాత కాదు. జబ్బు ఎవరికి ముదురుతుందో ముందే చెప్పే గుర్తులు ఉన్నాయి. ఆ గుర్తులకు లెక్క కూడా ఉంది.

ఆ లెక్క ఎలా కట్టారు? 2020లో బ్రిటన్ దేశంలో కరోనాతో ఆసుపత్రిలో చేరిన 35,000 మందికి పైగా రోగుల వివరాలు డాక్టర్లు పరిశీలించారు. ఎవరు బతికారు, ఎవరు పోయారు అని చూశారు. ఎనిమిది సంగతులు ముఖ్యమని తేలింది.

ఒకటి, వయసు. రెండు, ఆడా మగా. మూడు, షుగరు, గుండెజబ్బు వంటి పాత జబ్బులు. నాలుగు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు. అయిదు, రక్తంలో ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్ ఎంత ఉంది. ఆరు, మనిషి తెలివిలో ఉన్నారా. ఏడు, ఎనిమిది రక్తపరీక్షలు.

ఒక్కో సంగతికి కొన్ని మార్కులు వేశారు. మొత్తం 21. మార్కులు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. 3 గాని, అంతకు తక్కువ గాని వచ్చినవారిలో నూటికి ఒకరు చనిపోయారు. 15, ఆపైన వచ్చినవారిలో నూటికి 60 మందికి పైగా చనిపోయారు. ఇది టీకాలు రాకముందు కట్టిన లెక్క.

మరి ఇది జాతకమా? కానే కాదు. 15 దాటినవారిలోనూ ఎందరో బతికారు. ఫలానా మనిషి పోతారని ఈ లెక్క చెప్పదు. ఎవరిని ముందు చూడాలో చెబుతుంది. ఎవరికి ఏ వైద్యం కావాలో తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యం. డెక్సామెథసోన్ అని ఒక చవక మందు ఉంది. ఆక్సిజన్ పెట్టిన రోగులకు అది ఇస్తే చావులు తగ్గాయని 2020 జూన్‌లో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఇస్తే మేలు కనబడలేదు. కాబట్టి ఎవరికి వారు మందు కొని మింగకూడదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. ఒక ఇంట్లో ఇద్దరికి కరోనా వచ్చిందనుకోండి. కొడుకుకు 30 ఏళ్లు, ఏ జబ్బూ లేదు. మగవాడు గనుక 1 మార్కు. అత్తకు 65 ఏళ్లు. వయసుకు 4. షుగరు, గుండెజబ్బు ఉన్నాయి గనుక 2. మొత్తం 6. ఇంకా ఊపిరి చూడనేలేదు. ఎవరికి ప్రమాదం ఎక్కువ? అత్తకే. కాని చాలా ఇళ్లలో ముందు ఎవరిని ఆసుపత్రికి తీసుకెళతారు? "ముసలామెకు కషాయం చాలులే" అనేస్తారు. ఆమె కూడా "నాకేం కాలేదు" అని మూల మంచం మీద పడుకుంటుంది. లెక్క మాత్రం ముందు ఆమెను చూడమంటోంది.

రక్తపరీక్ష ఇంట్లో కుదరదు. కాని రెండు అంకెలు ఇంట్లోనే తెలుస్తాయి.

మొదటిది ఊపిరి. రోగిని కదలకుండా కూర్చోబెట్టాలి. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రొమ్ము పైకి లేచి దిగితే ఒకటి. పెద్దవారికి 24, ఆపైన వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండోది ఆక్సిజన్. వేలికి పెట్టే ఆక్సీమీటర్ దాన్ని చూపిస్తుంది. గోళ్లరంగు ఉంటే తుడిచేయాలి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేయాలి. అంకె 94 కంటే తగ్గితే ఆసుపత్రికి వెళ్లాలి. 90 కంటే తగ్గితే చాలా ప్రమాదం. 108కి ఫోన్ చేయాలి.

కరోనాలో ఒక మోసం ఉంది. మనిషి మామూలుగా మాట్లాడుతూనే ఉంటారు. లోపల ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది. ముఖం చూసి "బాగానే ఉన్నారు" అనుకోకూడదు. అలాగని ఆక్సీమీటర్‌నే పూర్తిగా నమ్మకూడదు. ఒంటి రంగు నలుపైతే అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపవచ్చు. అంకె బాగున్నా ఆయాసం, ఛాతీనొప్పి, మగత ఉంటే ఆగకూడదు.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. జబ్బు మాత్రం పూర్తిగా పోలేదు. న్యుమోనియా వంటి జబ్బుల్లోనూ ఊపిరి లెక్క పనికొస్తుంది.

పలక మీద దిద్దిన అంకెలు సంతకానికీ, సంతలో బేరానికీ మాత్రమే కాదు. ఈ రోజే ఇంట్లో పెద్దామెను కూర్చోబెట్టి, గడియారం చూసి ఊపిరి లెక్కపెట్టండి. బాగున్నప్పుడు ఎంతో తెలిస్తే, బాగాలేనప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది.